అప్పగింతలు

ప్రయాణమింకను పది దినములున్నదనగానే మా స్నానాలగదిలోని తూకపు యంత్రము హాలు నడుమకు వచ్చి, పీటలమీది పెండ్లికొడుకువలె ఎల్లర మర్యాదలను అందుకొనుట మొదలిడును. మొదట నేనొక్కడనే దానిపై నిలువవలెను. పిదప పెట్టెను కౌగిలించుకొని నిలువవలెను. ఆ రెండంకెల భేదమే పెట్టె బరువని మా ఇల్లాలి గణితము. పెట్టెను ఎత్తుకొన్నపుడు అది అడ్డుపడి అంకె నాకు కనబడదు. వంగి చూడవలసిన ఆమెకు కళ్ళజోడు ఆ క్షణముననే దొరకదు. అమెరికాకు పోవు మా టిక్కెట్టుపై తలకు రెండు పెట్టెలనియు, పెట్టెకు 23 కిలోలనియు ఉన్నది. ఈ సంఖ్యను ఎవరు ఏ ముహూర్తమున నిర్ణయించిరోగాని, పొడులు, అప్పడములు, ఊరగాయలు, మనుమరాలి పట్టులంగాలు ఏ విధముగ కూర్చినను 24న్నరకు తక్కువ తూగిన పెట్టెను నేనింతవరకు చూచియెరుగను.

అన్నియు సర్దుకొన్న పిదప మా అబ్బాయి ఫోనుచేసి, "నాన్నగారూ, చెక్‌-ఇన్ ఇంట్లోనే చేసేసుకోండి. అక్కడ మిషన్లో ట్యాగు తీసి మీరే అంటించి, పెట్టెలు బెల్టుమీద పడేయండి. క్యూలో నిలబడక్కర్లేదు" అని చెప్పినాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కినది ఆ 'పడేయండి' అన్నమాటకే. పది దినములు నిద్రమాని పురుటిబిడ్డవలె సాకిన పెట్టెను పడవేయుటయా? ఆడపిల్లను పంపునపుడు పాలలో చేతులు ముంచి అత్తమామల చేతులలో నుంచి, నాలుగు కన్నీటిబొట్లు రాల్చి అప్పగించు జాతి మనది. పుచ్చుకొనువాడొకడు ఎదుట నిలువనిదే అప్పగింత యెట్లగును? కౌంటరు వెనుకనున్న అమ్మాయి ముఖమెత్తి చూడకపోవచ్చును, అయినను పెట్టె పిడికి చీటీ చుట్టునపుడు ఆ మూడక్షరముల గమ్యనామమును, పదియంకెల సంఖ్యను నేను కన్నులార చదువుకొందును; తప్పు జరిగినచో అడుగుటకొక మనిషి కలదను ధైర్యముతో, రబ్బరు తెరల చాటునకు పెట్టె మరుగగువరకు కదలక నిలుతును. క్యూలో గంటసేపు కాళ్ళు పీకినను ఆ ధైర్యమునకు అది చౌకబేరమే. అన్నట్లు, ఎంత సొమ్ము కట్టెదమన్నను సామాన్యముగ ఒక్క పెట్టెను 32 కిలోలకు మించనీయరు; దానిని ఎత్తువాని నడుమును తలచి చేసిన కట్టడి యది. వారి శాసనములన్నింటిలో నాకు మనస్ఫూర్తిగ నచ్చినది అదియొక్కటే.

నచ్చనిది ఆవకాయ సంగతి. చేతిసంచిలో ద్రవపదార్థము 100 మిల్లీలీటర్లకు మించరాదట, ఆవకాయ ద్రవమట! మన ఆంధ్రుడే యైన అన్నంభట్టు తర్కసంగ్రహమున ద్రవత్వమును రెండు తెరగులుగ విభజించి, జలమునకది సహజమనియు, నెయ్యి మొదలైన పార్థివవస్తువులకు అగ్నిసంయోగముచేతనే కలుగుననియు తేల్చినాడు. అనగా పేరుకొన్న నెయ్యి నిస్సంశయముగ పృథివియే. ముక్క ఘనము, ఆవపిండి చూర్ణము. పైకి తేలిన నూనె మాట మాత్రము నన్నడుగకుడు. ఈ వాదమంతయు సిద్ధపరచుకొనియే పోయితినిగాని, తనిఖీచేయు యువకుడు తర్కము చదివినవాడు గాడు. పవర్‌బ్యాంకును మాత్రము విధిగ చేతనే ఉంచుకొనవలెను, నిప్పంటుకొన్నచో నలుగురున్నచోట ఆర్పవచ్చునని. నిప్పు మన ఒడిలో, ఊరగాయ పాతాళమున!

ఇక ఎండుకొబ్బరి. గత పర్యాయము మా వీధిచివరి ఇంటివారొకరు (పేరు చెప్పను, వారింటి కాఫీ నేటికిని త్రాగుచున్నాను) "రెండు కిలోలేనండీ, మా అమ్మాయికి" అని యిచ్చిన పొట్లములో కొబ్బరిచిప్పలుండెను. నూనె అధికమగుటచే అవి తమంత తామే రాజుకొనవచ్చునని సామానులో నిషేధము. క్షకిరణములకవి చిక్కినవి. మైకులో నా పేరు చదివి పిలిచి, నా పెట్టె నా చేతనే తెరపించి, చీరల మడతలనుండి నా చిరుగు బనీనులవరకు అపరిచితులయెదుట పరపించిరి. నాటినుండి మా యింట కొబ్బరికారము చేయుట లేదు.

మా నాన్నగారు జాడీని ఏనాడును చేయి విడిచి పంపలేదు. ఏటేట వేసవిలో సామర్లకోటలో మూడవ తరగతి పెట్టెనెక్కి వాల్తేరులోని మా పెదనాన్నగారింటికి పోవునపుడు, వాసెన కట్టిన జాడీని గోనెసంచిలో దింపి, నా రెండు కాళ్ళనడుమ ఉంచి, "కదిలావో చూడు" అనెడివారు. ఒక ఏడు తుని దాటిన పిదప టిక్కెట్లు చూచు ఉద్యోగి వచ్చి, బూటుకొనతో సంచిని తాకి, "దీన్ని తూయించారా మాస్టారూ?" అని అడిగెను. "పొద్దున్నే వాసెన కట్టాం" అని నాన్నగారు సంబంధము లేని ప్రత్యుత్తరమిచ్చిరి. ఆయన వంగి వాసన పట్టి, "ఏ కాయండీ?" అనెను. "కొత్తపల్లి కొబ్బరి." ఆయన టోపీ తీసి మా యెదుటి బల్లపై కూర్చుండెను. ఆవకాయలో మెంతులు వేయవలెనా, వలదా అను వివాదము నర్సీపట్నం రోడ్డులో మొదలై యలమంచిలి దాటినను తెగలేదు. అనకాపల్లిలో దిగిపోయి, రెండడుగులు నడచి, మరల వెనుకకు వచ్చి కిటికీలో తలదూర్చి, "మెంతులు వేయించి వేస్తారా, పచ్చివేనా?" అని అడిగెను. బండి కదలెను, నాన్నగారు బిగ్గరగ చెప్పిన సమాధానము ఆయనకు వినబడెనో లేదో.