చివరి దినాల సేవను దేనితో కొలవాలి?

విశాఖపట్నంలో ఆసుపత్రులకు కొదవ లేదు. కింగ్ జార్జి ఆసుపత్రి, ఆరిలోవ వైపు వెలసిన హెల్త్ సిటీ, అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి... ఉత్తరాంధ్ర జిల్లాల నుండే కాక పొరుగున ఉన్న ఒడిశా నుండి కూడా రోగులు ఇక్కడికే వస్తారు. ఏ జబ్బుకు ఎక్కడికి వెళ్ళాలో ఆటో డ్రైవరును అడిగినా చెబుతాడు. కాని “ఇక నయం చేయడానికి మా చేతిలో ఏమీ లేదు, ఇంటికి తీసుకువెళ్ళండి” అని వైద్యుడు చెప్పిన తరువాత ఆ మనిషిని ఎవరు చూసుకోవాలన్న ప్రశ్నకు మాత్రం చాలామంది దగ్గర జవాబు ఉండదు.

రెండేళ్ళ క్రితం ఈ ప్రశ్న మా ఇంటికి వచ్చింది. అమ్మీకి అప్పటికి 68 ఏళ్ళు. రొమ్ము క్యాన్సర్ వెన్నెముకకు పాకింది. అబ్బా హార్బరులో క్రేన్ ఆపరేటరుగా పనిచేసి, ఆమెకంటే ముందే అల్లాహ్ సన్నిధికి వెళ్ళిపోయారు. వన్‌టౌన్ కోటవీధిలోని ఇంటికి తాళం వేసి, అమ్మీని ఉక్కునగరంలోని మా క్వార్టరుకు తీసుకువచ్చాము. పగలు ఎలాగో గడిచేది. రాత్రి మాత్రం నొప్పి ఆమెను కూర్చోనిచ్చేది కాదు, పడుకోనిచ్చేది కాదు. కష్టం భరించలేక మరణాన్ని కోరుకోవద్దన్న దైవప్రవక్త (స) బోధను మాకు చిన్నప్పుడు నేర్పింది అమ్మీయే. ఆ అమ్మీయే గోడవైపు తిరిగి, “యా అల్లాహ్, నన్ను తీసుకుపో” అని వేడుకోవడం వినవలసి వచ్చింది. దానికి తోడు ఛాతీ మీది పుండు నుండి వచ్చే వాసన. తన శరీరం శుభ్రంగా లేదన్న సంకోచంతో ఆమె నమాజు మానింది. పరామర్శకు వచ్చినవారిని గదిలోకి రానివ్వలేదు. వ్యాధి ఆమె ప్రాణాన్ని తీసుకోవడానికి ముందే ఆమె ఇష్టపడే ఒక్కొక్క దానిని తీసుకుంటున్నదని నాకు అర్థమైంది.

హాస్పిస్ అన్న మాట నేను మొదటిసారి విన్నది ఆ రోజులలోనే. మన ఇళ్ళకు ఇది కొత్త మాటే గాని, సేవ కొత్తది కాదు. 1967లో సిసిలీ సాండర్స్ అనే వైద్యురాలు లండనులో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను ప్రారంభించారు. మన దేశంలో మొదటిది 1986లో ముంబయిలో ఏర్పడిన శాంతి ఆవేద్న సదన్. ఇక్కడ చేసేది వ్యాధికి చికిత్స కాదు, వ్యాధి పెట్టే బాధకు చికిత్స. మరణాన్ని తొందరపెట్టడం గాని, యంత్రాలతో వాయిదా వేయడం గాని దీని ఉద్దేశం కాదు. ప్రపంచంలో ఏటా దాదాపు 5 కోట్ల 68 లక్షల మందికి ఈ ఉపశమన సేవ అవసరమని, వారిలో సుమారు 14 శాతం మందికే అది అందుతున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఇంట్లో ఈ మాట ఎత్తగానే అభ్యంతరాలు మొదలయ్యాయి. “కన్నతల్లిని పరాయివాళ్ళకు అప్పగిస్తావా? లోకం ఏమంటుంది?” అన్నది మా ఖాలా. జుబైల్‌లో ఉద్యోగం చేసే భాయీజాన్, డబ్బు ఎంతైనా పంపుతాను గాని అమ్మీని ఇల్లు కదిలించవద్దన్నాడు. వారి బాధలో ప్రేమ ఉన్నది. తల్లిదండ్రుల ముందు విసుగుతో చిన్న మాట కూడా పలకరాదన్న దైవాజ్ఞను శిరసావహించే కుటుంబం మాది. కాని సేవ చేయడమంటే పక్కన కూర్చుని ఏడవడమొకటే కాదు. పుండును ఎలా శుభ్రం చేయాలో, మాత్రల మధ్య ఎంత వ్యవధి ఉండాలో తెలిసినవారి సహాయం తీసుకోవడం కూడా సేవలో భాగమే. తల్లిని వదిలిపెట్టడానికి కాక, మరింత బాగా చూసుకోవడానికే వెళ్తున్నానని భాయీజాన్‌కు చెప్పాను. “అయితే మంచిది చూడు” అన్నాడు. మంచిది ఏదో తేల్చుకోవడమే అసలు పని.

నేను చూసినవి రెండు. మొదటిది అందమైన భవనం. ముందు తోట, ఏసీ గదులు, గోడలకు పూల చిత్రాలు. ఫోటోలు చూసి భాయీజాన్ ఇదే ఖాయం చేయమన్నాడు. అక్కడి మేనేజరును మార్ఫిన్ గురించి అడిగాను. “ఆ సంగతి డాక్టరుగారు చూసుకుంటారు, మీరు కంగారు పడకండి” అన్నారు. డాక్టరుగారు ఎప్పుడు ఉంటారని అడిగితే, “అవసరమైతే పిలుస్తాం” అన్నారు. రాత్రి అవసరమైతే ఎవరు వస్తారన్న దానికి సూటిగా సమాధానం రాలేదు.

రెండవది పాత ఇల్లు. సున్నం వేసిన గోడలు, పది మంచాలు. నేను లోపలికి వెళ్ళేసరికి ఒక ఆయా ముసలాయనను పక్కకు తిప్పి పడుకోబెడుతూ, “ఏటి కావాలమ్మా?” అని అడిగింది. మంచానికి వేలాడుతున్న కాగితంలో ఆయనను రెండేసి గంటలకు ఒకసారి తిప్పినట్లు గుర్తులు ఉన్నాయి. పది మంది మంచాన పడినవారున్న గదిలో పుండ్ల వాసన లేదు. ఆ సంస్థ గురించి ఆ కాగితం, ఆ గాలి చెప్పినంత ఏ కరపత్రమూ చెప్పలేదు. నేను అడగకముందే నర్సు సిస్టర్ నన్ను ప్రశ్నలు అడిగింది. నొప్పి సున్నా నుండి పది వరకు ఎంత? రాత్రి ఎన్నిసార్లు లేస్తుంది? విరేచనం అయి ఎన్ని రోజులైంది? అన్నింటికంటే ఎక్కువగా ఆమెను బాధిస్తున్నది ఏది? వ్యాధి పేరు తెలిసినవారు చాలామంది ఉన్నారు. అమ్మీని బాధిస్తున్నది ఏదని అడిగినది ఆమె ఒక్కతే.

మార్ఫిన్ గురించి మన కుటుంబాలలో రెండు భయాలున్నాయి. ఒకటి అలవాటవుతుందని, రెండవది అది మత్తు పదార్థమని. సరైన మోతాదులో, వైద్యుని పర్యవేక్షణలో క్యాన్సర్ నొప్పికి వాడినప్పుడు వ్యసనం కావడం అరుదని, అది ఆయుష్షును తగ్గించదని సిస్టర్ వివరించింది. సాధారణ మాత్ర ప్రభావం నాలుగు గంటలు. కనుక నొప్పి వచ్చాక కాక, గడియారం చూసి వేయాలి. మలబద్ధకం తప్పదు గనుక దానికి మందు మొదటి రోజు నుండే ఇవ్వాలి. తొలి రెండు మూడు రోజుల మగత తరువాత తగ్గుతుంది. ఇక ధర్మం విషయానికి వస్తే, మా మసీదు ఇమాం సాహెబును అడిగాను. వినోదానికి తాగే మత్తు వేరు, అవసరం కొద్దీ వైద్యుడు ఇచ్చే ఔషధం వేరు అని ఆయన నిస్సందేహంగా చెప్పారు.

మార్ఫిన్ దొరకకపోవడానికి మరొక కారణం చట్టం. లైసెన్సు మీద నల్లమందు పండించే దేశాలలో మనది ఒకటి. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ పొలాలలో అది పండుతుంది. అయినా 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద అనేక అనుమతులు కావలసి రావడంతో ఆసుపత్రులు మార్ఫిన్ జోలికి పోవడం మానుకున్నాయి. 2014లో చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్య సంస్థకు రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారి ఇచ్చే ఒకే అనుమతి చాలునన్నారు. కనుక “మార్ఫిన్ దొరకదు” అని ఏ సంస్థ అయినా అంటే, “మీకు ఆ గుర్తింపు ఉన్నదా?” అని మర్యాదగా అడిగే హక్కు మనకున్నది.

రెండవ సంస్థవారు మొదట మా ఇంటికే వచ్చారు. విశాఖ పొడవైన నగరం. భీమిలిలో ఉన్నవారికి, గాజువాకలో ఉన్నవారికి ఒకే వ్యాను సరిపోదు. తమ బృందం వారంలో ఏ రోజులలో మా వైపు రాగలదో ముందే చెప్పి, రాలేని రోజులకు నాకు పని నేర్పారు. మెట్రోనిడజోల్ మాత్రను మెత్తగా పొడిచేసి పుండు మీద చల్లడం సిస్టరే చూపించింది. చాలా చవకైన మాత్ర అది. వారం తిరిగేసరికి వాసన తగ్గింది. అమ్మీ తనంతట తానే కిటికీ తెరవమని అడిగింది. ఆ సాయంత్రం ఖాలా వచ్చి ఆమె పక్కన కూర్చున్నది.

మూడవ వారంలో ఒక రాత్రి రెండున్నరకు నొప్పి మళ్ళీ తిరగబెట్టింది. ఫోన్ చేశాను. రెండవ గంటకే సిస్టర్ ఎత్తింది. “ఇంకో మాత్ర ఇవ్వండమ్మా, అరగంటలో నేనే చేస్తాను” అన్నది. అరగంటకు ఆమే చేసింది. సేవ నాణ్యతకు ఒకే ఒక్క కొలమానం చెప్పమంటే నేను దీనినే చెబుతాను. ఫోన్ ఎత్తడం మర్యాద. మాట ప్రకారం తిరిగి ఫోన్ చేయడం బాధ్యత. ఫజ్ర్ వేళకు అమ్మీ కళ్ళు తెరిచి, తయమ్ముంకు మట్టి అడిగింది. నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పడుకుని, సైగలతోనైనా నమాజు చేసుకునే వెసులుబాటు మన ధర్మంలో ఉన్నది. చాలా రోజుల తరువాత ఆమె పెదవులు కదలడం చూశాను. ఆనాటి నుండి మరణాన్ని కోరుకునే మాట ఆమె నోట వినలేదు. ఆమె విశ్వాసం సన్నగిల్లలేదు, నొప్పి దానిని మాట్లాడనివ్వలేదు, అంతే.

చివరి పదకొండు రోజులు ఆ పాత ఇంట్లోనే గడిచాయి. మంచాన్ని ఖిబ్లాకు అనుకూలంగా తిప్పమంటే మారుమాట లేకుండా తిప్పారు. స్నానం, పుండు శుభ్రం ఆడవారే చేశారు. ఇంటి భోజనానికి, రాత్రి నేను పక్కన ఉండడానికి అడ్డు చెప్పలేదు. “నాకు ఇంకా ఎన్ని రోజులున్నాయి?” అని అమ్మీ అడిగినప్పుడు అక్కడి డాక్టరుగారు కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చున్నారు. రోజులు చెప్పలేదు, అబద్ధమూ చెప్పలేదు. “చేయవలసిన పనులేమైనా ఉంటే ఇప్పుడే చేసుకోండమ్మా” అన్నారు. అమ్మీ ఒక పొరుగామెకు ఇవ్వవలసిన బాకీ గుర్తుచేసుకుని తీర్పించింది. భాయీజాన్ సెలవు పెట్టి వచ్చాడు. నిజం దాచిన ఇంట్లో వీలునామాకు, క్షమాపణకు, వీడ్కోలుకు సమయం మిగలదు. అంతిమ ఘడియలలో మేము ఆమె చెవి దగ్గర కలిమా పలుకుతూ ఉంటే, సిస్టర్ ఆ గదిలో రేడియో ఆపి, తలుపు దగ్గరకు వేసి బయట నిలబడింది. మిగిలిన మార్ఫిన్ మాత్రలను తరువాత లెక్కపెట్టి తిరిగి తీసుకున్నారు. పదవ రోజున ఫోన్ చేసి, “మీరు నిద్రపోతున్నారా?” అని నన్ను అడిగారు.

ఇటువంటి అవసరం వచ్చిన సోదర సోదరీమణులకు నా అనుభవం నుండి చెప్పగలిగినది ఇంతే. భవనాన్ని చూడకండి, రాత్రిని గురించి అడగండి. రాత్రి ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది? మార్ఫిన్ అక్కడే ఉంటుందా? స్త్రీకి స్త్రీయే సేవ చేస్తుందా? ఇంటికి ఎంత దూరం వరకు వస్తారు? రోగి ప్రశ్నకు రోగికే జవాబు ఇస్తారా? ఆరాధనకు వీలు కల్పిస్తారా? రుసుము కాగితం మీద రాసి ఇస్తారా? ముందుగా చెప్పకుండా ఒక సాయంత్రం వెళ్ళి, మంచాన ఉన్నవారి పెదవులు తడిగా ఉన్నాయో ఎండిపోయి ఉన్నాయో చూడండి.

మన జమాఅత్‌లు కూడా ఆలోచించవలసిన సమయమిది. హైదరాబాదులో 2011లో మొదలైన స్పర్శ్ హాస్పిస్ రోగుల నుండి రుసుము తీసుకోకుండా నడుస్తున్నది. కేరళలో 1993లో కోజికోడ్‌లో మొదలైన ఉపశమన సేవ, ముస్లిములు అధికంగా ఉన్న మలప్పురం జిల్లాలో ఇరుగుపొరుగు స్వచ్ఛంద సేవకుల ఉద్యమంగా పెరిగింది. విరాళాలు చిన్నవి, చేతులు చాలా. ఆ రాష్ట్ర ప్రభుత్వం 2008లో ఇందుకు ప్రత్యేక విధానమే ప్రకటించింది. 1154లో దమాస్కస్‌లో నూరుద్దీన్ కట్టించిన ఆసుపత్రి, 1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన ఆసుపత్రి వక్ఫ్ ఆదాయంతోనే నడిచాయి. రోగిని పరామర్శించడం పుణ్యమని మనకు తెలుసు. అరగంట కూర్చుని, దువా చేసి, పండ్లు ఇచ్చి వస్తాము. ప్రతి మసీదు పరిధిలో నలుగురు యువకులు, నలుగురు స్త్రీలు పుండు కట్టడం, మంచాన ఉన్నవారిని తిప్పడం నేర్చుకుంటే ఆ పరామర్శకు నిండుదనం వస్తుంది. అల్లాహ్ మన రోగులకు నొప్పి లేని రాత్రులను, వారి పక్కన ఉన్నవారికి ఓపికను ప్రసాదించుగాక. ఆమీన్.