బ్యాంకాక్ నది మీద రాత్రి భోజనం.. అమ్మతో!

బ్యాంకాక్ వెళ్లొచ్చిన ఫ్రెండ్ ఎవరి ఫోన్ చూసినా ఒక ఫొటో గ్యారంటీ. వెనకాల బంగారు రంగులో వెలిగిపోతున్న గుడి, చేతిలో జ్యూస్ గ్లాసు, గాలికి ఎగురుతున్న జుట్టు. అది చావో ఫ్రాయా నది మీద డిన్నర్ క్రూయిజ్. బఫే దగ్గర తోపులాట, పక్క బోటు స్పీకర్ల మోత, ‘పై డెక్ అన్నారుగా’ అనే గొడవ మాత్రం ఆ ఫొటోలో పడవు. వాటి గురించి చెప్తా. కాకపోతే నేను వెళ్లింది అమ్మతో. అమ్మ, పడవ.. ఈ రెండూ కలిస్తే మా ఇంట్లో అది చిన్న విషయం కాదు.

మాది నరసాపురం. అమ్మ పుట్టిల్లు గోదావరికి అవతల, సఖినేటిపల్లి వైపు. మధ్యలో వశిష్ఠ పాయ. రేవులో పంటు ఎక్కితే కాసేపట్లో అటు గట్టు. బైకులు, కొబ్బరికాయల బస్తాలు, ఆవకాయ జాడీలు, కొత్త పెళ్లికూతుళ్లు.. అన్నీ దాని మీదే దాటేవి. 2019 సెప్టెంబర్ 15న పాపికొండలకు వెళ్తున్న టూరిస్టు బోటు కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. డెబ్భైమందికి పైగా ఎక్కితే సగానికి మించి తిరిగి రాలేదు. ధర్మాడి సత్యం బృందం అక్టోబర్ 22న ఆ బోటును బయటికి లాగేదాకా, అంటే ఐదు వారాలకు పైగా, మా ఇంట్లో టీవీ ఆగలేదు. అప్పట్నుంచి అమ్మ పంటు ఎక్కలేదు. పుట్టింటికి వెళ్లాలన్నా చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగే వెళ్తుంది.

అలాంటిది, క్రూయిజ్ సంగతి ముందు ఎత్తింది అమ్మే. “అరుణుడి గుడి నీళ్ల మీంచి చూస్తే బాగుంటదటగా” అంది. ఎవరో వాట్సాప్‌లో పంపారట. ఆవిడ మనసు మారకముందే బుక్ చేసేశా.

ఇక్కడ కొంచెం ఆగి బుకింగ్ గురించి మాట్లాడుకుందాం. ‘చావో ఫ్రాయా డిన్నర్ క్రూయిజ్’ అని వెతికితే పదుల కొద్దీ బోట్లు వస్తాయి. ఫొటోలన్నీ ఒకేలా ఉంటాయి, బోట్లు మాత్రం ఒకేలా ఉండవు. రెండు మూడు అంతస్తుల పెద్ద బోట్లలో బఫే, బ్యాండు, డ్యాన్స్ ఫ్లోర్ ఉంటాయి. మనవాళ్ల కోసమే ఇండియన్ మెనూ, హిందీ పాటల డీజేతో నడిచేవి వేరే. పాత బియ్యం పడవల్ని చెక్క పాలిష్ పెట్టి మార్చి, కూర్చున్న చోటికే వడ్డించేవి ఇంకో రకం. అవి నిశ్శబ్దంగా ఉంటాయి, ఖరీదూ ఎక్కువే. మేం ఎక్కింది మొదటి రకం, ఒక్కొక్కరికి 1,200 బాట్లు. టికెట్‌లో మందు కలిసి ఉందో లేదో కూడా చూసుకోండి. చాలావాటిలో వెల్‌కమ్ డ్రింక్ పేరుతో ఒక రంగునీళ్ల గ్లాసు ఇస్తారు, బీరుకు బిల్లు వేరే. ఇరవై ఏళ్లు నిండనివాళ్లకు థాయ్‌లాండ్‌లో మందు అమ్మకూడదు, అది చట్టం.

అన్నిటికంటే ముఖ్యం, ఏ రేవు నుంచి బయల్దేరుతుందో చూసుకోవడం. ఐకాన్‌సియామ్ మాల్, రివర్ సిటీ, ఏషియాటిక్.. మూడూ నది ఒడ్డునే ఉన్నాయి, కానీ ఒకదానికొకటి దూరం. ఐకాన్‌సియామ్ అవతలి ఒడ్డున, అంటే పడమటి వైపు ఉంటుంది. అక్కడికి సాథోర్న్ రేవు నుంచి ఫ్రీ షటిల్ బోటు ఉంది. “రోజుకి ఒక పడవ చాలే” అని అమ్మ తేల్చేయడంతో మేం గోల్డ్ లైన్ ట్రైన్‌లో చరోయెన్ నఖోన్ స్టేషన్‌లో దిగాం. మాల్ ఆ స్టేషన్ పక్కనే. రేవు దగ్గర జనం సినిమా రిలీజ్ రోజు థియేటర్ గేటులా ఉన్నారు. ఒక్కో బోటుకి ఒక్కో కౌంటర్. చొక్కాకి రంగు స్టిక్కర్ అంటిస్తారు, ఆ రంగే మీ బోటు. కనీసం నలభై నిమిషాల ముందు వెళ్లండి. థాయ్ డ్రెస్‌లో ఉన్న అమ్మాయి పక్కన నిలబెట్టి ఫొటో తీస్తారు. దిగేటప్పుడు అది ఫ్రేములో మీ ముందుకొస్తుంది, డబ్బులిస్తేనే మీది. వద్దంటే నవ్వి పక్కన పెట్టేస్తారు, మొహమాటపడక్కర్లేదు.

బోటు ఎక్కగానే అందరూ టేబుల్ వెతుక్కున్నారు. అమ్మ లైఫ్ జాకెట్ల కోసం వెతికింది. సీట్ల కింద చూసింది, పైకి చూసింది. “ఏవే, అవెక్కడున్నాయే?” ఆవిడ గొంతు మారడం నాకు తెలిసింది. ఇలాంటి పెద్ద బోట్లలో ఎవరూ వేసుకోమని చెప్పరు, ఎక్కడున్నాయో కూడా చూపించరు. ఒక స్టాఫ్ కుర్రాడిని పిలిచి ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ చేసి చూపించా. అతను నవ్వలేదు. మెట్ల పక్కనున్న అర తలుపు తీసి వరసగా పేర్చిన జాకెట్లు చూపించాడు, ఒకటి తీసి అమ్మకు తొడిగి బెల్టులు కూడా తనే బిగించాడు. కంచి కాటన్ చీర మీద నారింజ రంగు జాకెట్. చుట్టూ పార్టీ డ్రెస్సుల్లో ఉన్నవాళ్లు చూస్తున్నారు. అమ్మ ఎవరినీ చూడలేదు.

మీకూ ఇదే చెప్తా. ఎక్కిన మొదటి ఐదు నిమిషాల్లో జాకెట్లు ఎక్కడున్నాయి, మెట్లు ఎటున్నాయి అని అడగండి. పక్కన ఇంగ్లిష్ మాట్లాడే జనం ఉన్నారని సిగ్గుపడొద్దు. విమానంలో ఇదే సంగతి చెప్తుంటే బుద్ధిగా వింటాం కదా!

మా టికెట్‌లో ‘పై డెక్’ అని స్పష్టంగా ఉంది. ఇచ్చిందేమో కింద, ఏసీ హాల్లో, స్తంభం పక్కన. అడిగితే “ఫుల్” అన్నారు. బుకింగ్ అప్పుడే టేబుల్ నంబరు మెసేజ్‌లో రాయించుకుంటే ఈ గొడవ తక్కువ. నిజానికి టేబుల్ ఎక్కడున్నా మెట్లెక్కి పైకెళ్లి నిలబడటానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. ఇంకో సంగతి, ఎడమవైపు సీటా కుడివైపు సీటా అని తన్నుకోవద్దు. బోటు ఎగువకు వెళ్తుంటే వాట్ అరుణ్ ఎడమ పక్క, గ్రాండ్ ప్యాలెస్ కుడి పక్క వస్తాయి. రామా 8 వంతెన దగ్గర తిరిగి అదే దారిలో వస్తుంది కాబట్టి పక్కలు మారతాయి. ఎక్కడ కూర్చున్నా రెండూ మీవే.

భోజనం సంగతి. తాడు విప్పీ విప్పకముందే జనం బఫే మీద పడతారు. రొయ్యలు, సాల్మన్ ముక్కల దగ్గర క్యూ పెళ్లి పందిట్లో ఐస్‌క్రీమ్ కౌంటర్‌ని మించిపోయింది. టామ్ యమ్ సూప్ బాగుంది, పుల్లగా ఘాటుగా మన రసానికి దూరపు చుట్టంలా. నూడుల్స్ చల్లారిపోయాయి. మామిడిపండుతో కొబ్బరిపాల జిగురన్నం మాత్రం రెండుసార్లు తెచ్చుకున్నా. శాకాహారులకు అసలు చిక్కు కనపడని చోట ఉంటుంది. ఇక్కడ కూరగాయల వేపుడులో కూడా చేపల సాస్ పడుతుంది, బొప్పాయి సలాడ్‌లో ఎండు రొయ్యలుంటాయి. ఆ రోజు శనివారం, అమ్మ నీచు ముట్టదు. ‘వెజిటేరియన్’ అంటే మాంసం ముక్క లేదని మాత్రమే అర్థం చేసుకునేవాళ్లున్నారు. ‘కిన్ జే’ అనండి. చేపా గుడ్డూ పాలూ ఏమీ లేని తిండి అని వాళ్లకు వెంటనే తెలుస్తుంది. అమ్మకు పళ్లు, అన్నం, ఇండియన్ కౌంటర్లో పప్పు దొరికాయి. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి కందిపొడి సీసా తీసింది. నేను ఆశ్చర్యపోలేదు.

మీకు నా సలహా, మొదట ఒక్క ప్లేటు తెచ్చుకుని త్వరగా ముగించి పైకి వెళ్లిపోండి. 1932లో కట్టిన మెమోరియల్ బ్రిడ్జి దాటాక నది ఒడ్డు మారిపోతుంది. అద్దాల హోటళ్లు వెనక్కిపోయి పూల మార్కెట్, పాత చర్చి, గుళ్లు మొదలవుతాయి. అరగంట తిరక్కముందే వాట్ అరుణ్ వచ్చేస్తుంది. అప్పుడు మీరు కింద రొయ్యలు వలుస్తూ ఉంటే 1,200 బాట్లు రొయ్యలకే ఇచ్చినట్టు!

నేను అమ్మను లేపడానికి కాస్త భయపడ్డా. కదులుతున్న బోటులో మెట్లెక్కాలి. ఆవిడే లేచింది, ఒక చేత్తో నన్ను, ఒక చేత్తో కమ్మీని పట్టుకుని.

పైన గాలి. ముందు మూడు బోట్లు, వెనక రెండు, ఒక్కోదాంట్లో ఒక్కో పాట. వాటి మధ్యలోంచి వాట్ అరుణ్ శిఖరం లేచింది. దాని ఒంటి నిండా చైనా పింగాణీ ముక్కలు పొదిగి ఉంటాయి. చైనా నుంచి వచ్చే ఓడల్లో బరువు కోసం వేసిన పింగాణీ అదంతా. పేరు మన అరుణుడిదే, సూర్యుడి సారథి. పొద్దుటి పేరు పెట్టుకున్న గుడిని జనం రాత్రిపూట చూడ్డానికి ఎగబడటం నాకు తమాషాగా అనిపించింది. 1767లో అయుత్తయ నాశనమయ్యాక తాక్సిన్ రాజు ఈ ఒడ్డునే, థోన్‌బురిలో రాజధాని పెట్టాడు. 1782లో మొదటి రామా రాజు ఎదుటి ఒడ్డుకు మార్చాడు. ఇప్పుడు మనం చూసే గ్రాండ్ ప్యాలెస్ అక్కడిదే. అందులోని మరకత బుద్ధుడి గుడి ప్రాకారం గోడల నిండా రామకియెన్ బొమ్మలు, అంటే వాళ్ల రామాయణం. ఇదంతా మైకులో చెప్తున్నారు కానీ బ్యాండు మోతలో ఒక్క ముక్క వినపడలేదు. ముందే చదువుకుని ఎక్కండి.

అమ్మ గుడిని చూసింది, దండం పెట్టింది, తర్వాత నీళ్లకేసి వంగి చూసింది. గుర్రపుడెక్క గుంపులు తేలుతూ పోతున్నాయి. “పోటు మీదుందే” అంది. నాకర్థం కాలేదు. “చూడు, డెక్క మనతో పాటు ఎగువకు పోతంది. సముద్రం దగ్గరేమో మరి.” నిజమే. బ్యాంకాక్ దగ్గర ఈ నదికి ఆటుపోట్లు ఉంటాయి, నరసాపురం రేవులో వశిష్ఠకు ఉన్నట్టే. నేను గూగుల్‌లో చూసి, ఈ నది పొడవు 372 కిలోమీటర్లే, మన గోదావరి 1,465 అని చెప్పా. థాయ్ భాషలో నదిని ‘మే నామ్’ అంటారనీ, విడగొడితే తల్లి, నీరు అనీ కూడా చెప్పా. “మనం గోదారమ్మ అనట్లా” అంది.

ఇక ఎంటర్‌టైన్‌మెంట్. నిజం చెప్పాలంటే యావరేజ్. కిరీటాలు పెట్టుకున్న ఇద్దరమ్మాయిలు థాయ్ సంప్రదాయ నాట్యం చేశారు. వేళ్లు వెనక్కి వంచే తీరు చూడ్డానికి బాగుంది, పది నిమిషాల్లో అయిపోయింది. తర్వాత గాయని పాత ఇంగ్లిష్ పాటలు, మధ్యలో టేబుళ్లు చూసి హిందీ పాటలు. వెనక్కి తిరిగేసరికి కింద హాలు సంగీత్ ఫంక్షన్ అయిపోయింది. గుజరాతీ ఆంటీ ఒకావిడ అమ్మ చెయ్యి పట్టుకుని లాగింది. అమ్మ జాకెట్ చూపించి తల ఊపింది. గ్యాంగ్‌తో వెళ్తే ఈ అరగంట మీకు బాగా నచ్చుతుంది. మాట్లాడుకోవడానికి వెళ్తున్న జంటయితే మటుకు ఈ రకం బోటు వద్దు, ఆ బియ్యం పడవే చూసుకోండి.

2002లో తెరిచిన రామా 8 వంతెన ఒకే స్తంభానికి తీగలు కట్టి వీణలా వెలుగుతుంటే దాని దగ్గర బోటు మలుపు తీసుకుంది. కొంచెం ఒరిగింది. అమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది, గోళ్లు దిగాయి. నిటారు అయ్యాక వదిలింది. ఇంకాసేపటికి, “ఉక్క పోస్తందే” అంటూ జాకెట్ విప్పి ఒళ్లో పెట్టుకుంది. దిగేదాకా అది ఒళ్లోనే ఉంది. “ఊరెళ్లాక పంటు ఎక్కుతావా?” అని అడిగా. “వంతెనుంది కదే” అంది.

వెళ్లే నెల చూసుకోండి. జూన్ నుంచి అక్టోబర్ దాకా వాన ఎప్పుడు పడుతుందో చెప్పలేం, పడితే పై డెక్ ఖాళీ. నవంబర్ నుంచి ఫిబ్రవరి హాయి. లోయ్ క్రథోంగ్ పండగ దాదాపుగా మన కార్తీక పౌర్ణమినాడే వస్తుంది. అరటి బోదె ముక్క మీద ఆకులు, పువ్వులు, దీపం పెట్టి నదిలో వదులుతారు, మనం దొప్పల్లో వదిలినట్టే. ఆ రాత్రికి టికెట్లు చాలా ముందే కొనాలి.

క్రూయిజ్‌కి అంత డబ్బు దండగ అనిపిస్తే అదే నదికి చవక దారి ఉంది. నారింజ జెండా ఎక్స్‌ప్రెస్ బోటు 16 బాట్లకు సాథోర్న్ నుంచి వాట్ అరుణ్ దాకా తీసుకెళ్తుంది. ఆఫీసులకు వెళ్లేవాళ్లు, స్కూలు పిల్లలు, బౌద్ధ భిక్షువులు అందరూ అందులోనే. పాటలుండవు, పప్పు ఉండదు, చీకటి పడ్డాక సర్వీసు దాదాపు ఆగిపోతుంది. మర్నాడు పొద్దున్న మేం దాన్నే ఎక్కాం. అమ్మ ముందు జాకెట్లు ఎక్కడున్నాయో చూసుకుంది, తర్వాత నీళ్ల పక్క సీటులో కూర్చుంది.