పెనుకొండలో కిమ్చి

1565లో తళ్ళికోట దగ్గర ఓడిపోయాక విజయనగర రాజులు హంపీ వదిలి తలదాచుకున్నది పెనుకొండలోనే. గగన్ మహల్, కొండమీది కోట, బాబయ్య దర్గా ఇప్పటికీ చూడదగ్గవి. ఆ తర్వాతదంతా కరువు కథ. శనక్కాయ పంట ఎండితే బెంగళూరు బస్సెక్కడం ఇక్కడి వాళ్లకు అలవాటైపోయింది.

2017లో కొరియా కార్ల కంపెనీ కియా వచ్చింది. ఎర్రమంచి దగ్గర ఫ్యాక్టరీ కట్టారు. హంద్రీనీవా కాలువ నీళ్లు నిలిపే గొల్లపల్లి రిజర్వాయర్ నుంచి దానికి నీళ్లిచ్చారు. 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ కారు బయటికొచ్చింది. ఏడాదికి 3 లక్షల కార్లు చేయగలిగేలా కట్టిన ఫ్యాక్టరీ అది.

నన్ను కట్టిపడేసింది మాత్రం కార్లు కాదు, వంటిళ్లు. హైవే పక్కన కొరియా అక్షరాల బోర్డులున్న హోటళ్లు వెలిశాయి. అలాంటి ఒక హోటల్ వెనక పెరట్లో నడివయసు ఆవిడ ఒకరు కొరియా వాళ్ల కిమ్చి కోసం పొడుగు క్యాబేజీని నిలువునా చీల్చి, ఒక్కో రేకూ ఎత్తి ఉప్పు రాస్తోంది. కొన్ని గంటలకు రేకులు మెత్తబడి వంగుతాయి. అప్పుడు కడిగి, నీళ్లు పిండి, వెల్లుల్లి, అల్లం, కారం కలిపిన ముద్ద పట్టిస్తారు. ఆ కారం ఎర్రగా ఉంటుంది గానీ మనదంత మంట పుట్టించదు. "మన ఊరగాయ మాదిరే సామీ, నూనె ఒకటే తక్కువ" అంది. ఇంట్లో రాగి సంగటి, శనక్కాయల ఊరిబిండి చేసే చేయి అది. జాడీ మూత తీసి వాసన చూసి, పులుపు ఇంకా ఎక్కలేదని తేల్చేసింది. రుచి చూసి కొరియా దొర తల ఊపితే చాలంట, మాటలతో పనిలేదంట. ఆ ధీమా చూస్తే నాకు గర్వమేసింది.

ఊళ్లో అద్దెలు పెరిగాయి. పాత ఇళ్లమీద అంతస్తులు లేచి హాస్టళ్లయ్యాయి. వేరే జిల్లాల కుర్రాళ్లు, ఉత్తరాది వాళ్లు షిఫ్టు బస్సుల కోసం తెల్లారకముందే రోడ్డుమీద నిలబడుతున్నారు. 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని 2019లో రాష్ట్రం చట్టం చేసింది. ఆ మాటెత్తితే టీ కొట్టు దగ్గర వాదన ఒక పట్టాన ఆగదు.

భూమిచ్చిన రైతుల గురించి అందరూ మాట్లాడతారు. ఆ చేలల్లో శనక్కాయ పెరికి బతికిన కూలీలను పలకరించేవాళ్లు తక్కువ. నాకు కనిపించిన కొందరు ఆడవాళ్లు హాస్టళ్లు ఊడుస్తున్నారు. జీతం నెలనెలా వస్తోంది, పొలం పనిలాగా వానకోసం చూడక్కర్లేదు అన్నారు.