కొల్లేటికోటలో చాకు వాలు

ఫాల్గుణంలో పెద్దింట్లమ్మ జాతరకు ఇసకేస్తే రాలనంత జనం వచ్చే ఊరు కొల్లేటికోట. మామూలు రోజుల్లో మాత్రం ఇక్కడ రాజ్యం వలలదే. ఈ ఊరున్న కొల్లేరు సరస్సును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. చెరువులు తవ్వకూడదు గానీ పాత పద్ధతిలో వల వేసుకోవచ్చు. కాబట్టి వల బాగుచేసే పనికి, ఆ పనికి కావాల్సిన చిన్న చాకుకు ఇప్పటికీ గిరాకీ ఉంది.

చెట్టు నీడన ఒక పెద్దాయన చిరిగిన వల పరుచుకుని కూర్చున్నాడు. పక్కన మడత చాకు, నీళ్ల డబ్బా, ఒకవైపు గరుకుగా మరోవైపు నున్నగా ఉన్న సానరాయి.

“ఇంత చిన్న చాకుకు సాన దేనికి తాతా?”

“నైలాన్ దారం మొండి చాకుకు తెగదు బాబూ. పీలికలైపోద్ది.”

రాయి తడిపి, గరుకు వైపు పైకి పెట్టాడు. చాకును బల్లపరుపుగా ఆనించి, వెన్ను పావంగుళం ఎత్తాడు. అలుగు వెడల్పు రెండు సెంటీమీటర్లు ఉంటుంది. లెక్కేస్తే ఆ వాలు 20 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ. చూపుకు అందకపోతే కాగితం మూలను సగానికి మడిస్తే 45 డిగ్రీలు, మళ్లీ మడిస్తే ఇరవై రెండున్నర. దాని పక్కన పెట్టి సరిచూసుకోవచ్చు.

రాయి మీద పలచటి పొర కోస్తున్నట్టుగా అంచును ముందుకు తోశాడు. మొన దగ్గర అలుగు వంపు తిరుగుతుంది గనుక అక్కడ పిడి కొంచెం లేపాడు. లేకపోతే మొనకు పదును ఎక్కదు. కాసేపయ్యాక బొటనవేలిని వెన్ను నుంచి అంచు వైపుకు అడ్డంగా జరిపి చూశాడు. అవతలి వైపు సన్నటి గరుకు తగిలింది. ఇనుము అంచుదాకా అరిగిందనడానికి అదే గుర్తు. అప్పుడు చాకు తిప్పి రెండో పక్కా అలాగే రుద్దాడు. ఆ తర్వాత రాయి నున్నటి వైపు చెయ్యి తేలిక చేసి రుద్దాడు. చివరగా పాత బెల్టు ముక్క మీద వెన్ను ముందుండేలా లాగాడు. మిగిలిన గరుకు పోయింది.

“బొచ్చె చేప తలకాయ కొట్టే కత్తికీ ఇదే వాలా?”

“అమ్మో, అంచు నొక్కులు పడిపోద్ది. ఎముక మీద పనికి వెన్ను ఇంకాస్త లేపాలి.”

ఇంతలో ఒక కుర్రాడు తన చాకు తెచ్చాడు. పెద్దాయన దాన్ని ఎండకెత్తి చూశాడు. అంచు పొడుగునా అక్కడక్కడా తెల్లగా మెరిసింది. పదునున్న అంచు అలా మెరవదు.

“బలంగా రుద్దావురా, వాలు నిలవలేదు.”

అంచుకు రెండు పక్కలా స్కెచ్ పెన్ను ఇంకు పూసి, ఒకసారి రుద్దమన్నాడు. వెన్ను వైపు ఇంకు చెరిగింది, అంచున అలాగే ఉంది. వెన్ను మరీ కిందికి దించాడన్నమాట. పెద్దాయన రాయిని వాడి ముందుకు జరిపి, మళ్లీ వల అందుకున్నాడు.

“కొంచెం లేపి రుద్దు. అవతల గరుకు తగిలేదాకా తిప్పమాకు.”