స్వయంప్రచురణము – స్వరశుద్ధి

గ్రంథకర్త తన గ్రంథమును తానే ముద్రించుకొనుట క్రొత్త కాదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున ముద్రణాలయమునే నెలకొల్పిరి. నేడు రాజా రామమోహన రాయ్ జాతీయ సంస్థ నుండి ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్యను గ్రంథకర్తయే ఉచితముగా పొందవచ్చును. ప్రచురణకర్త అనుగ్రహమునకై వేచియుండ నక్కరలేదు.

అయితే ప్రచురణకర్తతోపాటు పరిష్కర్తయు తొలగిపోవుచున్నాడు. కథలోని అచ్చుతప్పును పాఠకుడు దిద్దుకొని చదువుకొనును. మంత్రగ్రంథమున అట్లు కాదు. అనుదాత్తమును సూచించు క్రిందిగీత ఒక్క అక్షరము ప్రక్కకు జరిగినచో, గురుముఖము లేని భక్తుడు ఆ దోషమునే నిత్యము పారాయణ చేయును. ‘ఇంద్రశత్రు’ పదమున స్వరము తప్పుటచే త్వష్ట చేసిన యాగము వృత్రునికే మృత్యుహేతువైనది కదా! వేయి ప్రతులు ముద్రించినచో ఆ దోషము వేయి ఇండ్లకు చేరును.

కాళిదాసంతటివాడు శాకుంతల ప్రస్తావనలో విద్వత్పరితోషమునే గీటురాయిగా నిలిపెను. కావున స్వయంప్రచురణకు పూనుకొనువారు ముద్రణవ్యయముతోపాటు, ఆ శాఖను అధ్యయనము చేసిన ఘనపాఠి ఒకరికి ఈయవలసిన సంభావనను గూడ ముందే లెక్కలో చేర్చుకొనవలెను. ఆయన వల్లించుచుండగా ప్రతిని అక్షరమక్షరము సరిచూడవలెను. అందుచే పుస్తకము నెల ఆలస్యమైనను నష్టము లేదు. దోషముతో వెలువడిన ప్రతులను ఇంటింటి నుండి మరల తెచ్చుట ఎవరి తరము?