పట్టాల వెంట ఆంగ్లో ఇండియా!

ఉమ్మడి రాష్ట్రంలో మనం ఓట్లేసి గెలిపించిన ఎమ్మెల్యేలు 294 మంది. శాసనసభలో సభ్యులు మాత్రం 295 మంది! ఆ ఆఖరి కుర్చీ ఎవరిదో గుర్తుందా? నియోజకవర్గం లేదు, ప్రచారం లేదు, గోడల మీద పేరు లేదు. గవర్నరు నామినేట్‌ చేసే ఆంగ్లో ఇండియన్‌ ప్రతినిధి కుర్చీ అది. విభజన తర్వాత కూడా తెలంగాణలో 119కి ఒకటి, ఆంధ్రప్రదేశ్‌లో 175కి ఒకటి కలిపి లెక్క చెప్పేవాళ్లు. 2020 జనవరి 25 నుంచి ఆ ఏర్పాటే లేకుండా పోయింది.

ఒక్క నియోజకవర్గంలోనూ గెలిచేంత మంది ఒకచోట లేరనే కదా, రాజ్యాంగం రాసినవాళ్లు ఆ కుర్చీ వేసింది. మరి వాళ్లంతా ఎక్కడున్నట్టు? తెలుసుకోవాలంటే మామూలు దేశపటం పనికిరాదు. రైల్వే మ్యాపు ముందేసుకోవాలి.

బిడ్డ పుడితే కానుక

కథ మన పక్కనున్న మద్రాసులోనే మొదలైంది. తమ సిపాయిలు స్థానిక స్త్రీలను పెళ్లాడితే మంచిదేనంటూ 1687లో ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు లండన్‌ నుంచి ఉత్తరం రాశారు. పుట్టిన బిడ్డకు బాప్తిస్మం ఇచ్చిన రోజున తల్లికి చిన్నపాటి నగదు కానుక కూడా ఇవ్వమన్నారు. ఇంగ్లండ్‌ నుంచి ఆడవాళ్లను ఓడల్లో తీసుకురావడం కన్నా అదే చవక మరి! సుమారు వందేళ్లు గడిచేసరికి ఆ పిల్లల సంఖ్య పెరిగింది, కంపెనీకి భయమూ పెరిగింది. తల్లిదండ్రుల్లో ఒకరు భారతీయులైతే కంపెనీ సివిల్‌, సైనిక కొలువుల్లోకి రాకూడదని 1791లో తలుపులు మూసేసింది. స్కాట్లాండ్‌ తండ్రికీ రాజపుత్ర తల్లికీ పుట్టిన జేమ్స్‌ స్కిన్నర్‌ అందుకే మొదట మరాఠాల సైన్యంలో చేరాల్సి వచ్చింది. తర్వాత అదే కంపెనీకి 1803లో గుర్రపు దళాన్ని తయారుచేసి పెట్టాడు. ఢిల్లీ కశ్మీరీ గేటు దగ్గర పసుపురంగులో కనిపించే సెయింట్‌ జేమ్స్‌ చర్చి ఆయన కట్టించిందే.

హైదరాబాద్‌లో కోఠి మహిళా కళాశాల పాత భవనానిదీ ఇలాంటి కథే. దాన్ని కట్టించిన బ్రిటిష్‌ రెసిడెంటు కిర్క్‌పాట్రిక్‌ హైదరాబాద్‌ ఉన్నత కుటుంబానికి చెందిన ఖైరున్నిసాను పెళ్లాడాడు. వారి ఇద్దరు పిల్లల్నీ 1805లో ఇంగ్లండ్‌ ఓడ ఎక్కించారు. అదే ఏడాది తండ్రి కన్నుమూశాడు. తల్లి మళ్లీ ఆ పిల్లల్ని చూడలేదు. ఆ భవనం మెట్లెక్కేవాళ్లంతా స్తంభాల ఎత్తు చూస్తారు. నాకు మాత్రం ఆ ఓడ ప్రయాణమే గుర్తొస్తుంది.

జంక్షన్‌ వచ్చిందంటే...

1857 తిరుగుబాటు తర్వాత లెక్క మళ్లీ మారింది. కొత్తగా వేస్తున్న రైలు మార్గాలూ, టెలిగ్రాఫ్‌ తీగలూ నమ్మకస్తుల చేతుల్లో ఉండాలనుకున్నారు దొరలు. డ్రైవరు, గార్డు, స్టేషన్‌ మాస్టరు, టెలిగ్రాఫ్‌ ఆపరేటరు, కస్టమ్స్‌ అధికారి... ఈ కొలువుల్లో పెద్దవాటా ఆంగ్లో ఇండియన్లకు దక్కింది. పై పదవులు మాత్రం తెల్లవాళ్లవే అనుకోండి. ఉద్యోగం ఎక్కడుంటే కాపురం అక్కడే. ఖరగ్‌పూర్‌, ఆసన్‌సోల్‌, జమాల్‌పూర్‌, ఝాన్సీ, అజ్మీర్‌, జబల్‌పూర్‌, భుసావల్‌, హుబ్లీ, పోదనూరు, పెరంబూరు... పెద్ద జంక్షన్‌ ఉందంటే పక్కనే ఓ రైల్వే కాలనీ, అందులో ఎర్రపెంకుల ఇళ్లు, ఒక చర్చి, చెక్కనేల మీద డ్యాన్సులు చేసుకునే ‘ఇన్‌స్టిట్యూట్‌’, హాకీ మైదానం. పదిమైళ్ల దూరంలోని పల్లెలో వెతికినా ఒక్క కుటుంబం కనిపించదు.

లెస్లీ క్లాడియస్‌నే తీసుకోండి. పుట్టింది రైల్వే ఊరైన బిలాస్‌పూర్‌లో. హాకీ కర్ర పట్టింది మరో రైల్వే ఊరు ఖరగ్‌పూర్‌లో. 1948, 52, 56 ఒలింపిక్స్‌లో బంగారు పతకాలూ, 1960లో రజతమూ గెలిచిన జట్లలో ఆడాడు.

మన దగ్గర ఈ ఊళ్ల పేర్లు చెబితే మీకే అర్థమైపోతుంది... గుంతకల్లు, బిట్రగుంట, బెజవాడ, వాల్తేరు, కాజీపేట, లాలాగూడ. నెల్లూరు, ఒంగోలు మధ్య సూపర్‌ఫాస్ట్‌లో వెళ్లేవాళ్లు బిట్రగుంటను పట్టించుకోరు. ఆవిరి ఇంజిన్ల కాలంలో అదో పెద్ద లోకో షెడ్డు. బొగ్గు, నీళ్లు నింపుకోనిదే బండి కదిలేది కాదు. కరెంటు ఇంజిన్లు వచ్చాక ఆ అవసరం తీరిపోయింది. షెడ్డుతోపాటే ఊరి సందడీ సద్దుమణిగింది. కాజీపేట అదృష్టం వేరు. 1929లో బల్హార్షా లైను పూర్తయి మద్రాసు, ఢిల్లీ నేరుగా కలిశాయి. దాంతో కాజీపేట దేశానికే కూడలైంది.

సికింద్రాబాద్‌లో అయితే రెండూ కలిశాయి. 1806 నాటి కంటోన్మెంటు ఒకవైపు, నిజాం రైల్వే 1893లో పెట్టిన లాలాగూడ వర్క్‌షాపు మరోవైపు. అందుకే మెట్టుగూడ, లాలాగూడల్లో ఇప్పటికీ ఆ ఇంటిపేర్లు వినిపిస్తాయి. 1997లో ప్రపంచసుందరి అయిన డయానా హేడెన్‌ హైదరాబాద్‌ ఆంగ్లో ఇండియన్‌ కుటుంబపు అమ్మాయే. కాన్వెంటులో చదివినవాళ్లను అడిగి చూడండి, గౌను వేసుకుని ఇంగ్లిష్‌ పాఠాలు చెప్పిన ఓ ‘మిస్‌’ జ్ఞాపకం చాలామందికి ఉంటుంది.

సొంతూరి కోసం

రైల్వే క్వార్టరు ఎంత బాగున్నా రిటైరయ్యాక ఖాళీ చేయాల్సిందే. ‘మాకంటూ ఓ ఊరుంటే’ అన్న ఆలోచన అక్కడే పుట్టింది. మైసూరు మహారాజు ఇచ్చిన సుమారు 3,900 ఎకరాల్లో 1882లో డి.ఎస్‌.వైట్‌ అనే ఆయన చొరవతో వ్యవసాయం చేసుకునే ఊరొకటి మొదలైంది. గుండ్రటి వీధుల చుట్టూ ఇళ్లూ, వెనక తోటలూ. ఆయన పేరే ఆ ఊరిది... వైట్‌ఫీల్డ్‌! అవును, మన పిల్లలు వేల సంఖ్యలో సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగాలు చేస్తున్న బెంగళూరు వైట్‌ఫీల్డే. ట్రాఫిక్‌ మధ్యలో ‘ఇన్నర్‌ సర్కిల్‌’ అన్న పేరు కనిపిస్తే అది ఆ పాత ఊరి నడిబొడ్డు.

రెండో ప్రయత్నం ఇంకా పెద్దది. ఎర్నెస్ట్‌ టిమోతీ మెక్‌క్లస్కీ అనే కలకత్తా వ్యాపారి 1933లో సొసైటీ పెట్టి, రాతూ మహారాజా దగ్గర దాదాపు 10 వేల ఎకరాలు తీసుకుని, దేశంలోని ఆంగ్లో ఇండియన్లందరినీ రమ్మన్నాడు. రాంచీకి 60 కిలోమీటర్ల దూరంలో, అడవి మధ్య మెక్‌క్లస్కీగంజ్‌ అలా వెలిసింది. మూడు వందల దాకా కుటుంబాలు వచ్చాయి. బంగళాలు కట్టుకున్నాయి. కానీ అడవిలో సేద్యం, ఇంజిను నడిపినంత తేలిక కాదు. చదువుకున్న పిల్లలకు అక్కడ ఉద్యోగాల్లేవు. స్వాతంత్య్రం వచ్చాక చాలామంది ఇళ్లు అమ్ముకుని బ్రిటన్‌, కెనడా, ఆస్ట్రేలియా దారి పట్టారు. ఊరు మళ్లీ కాస్త ఊపిరి పీల్చుకుంది 1997లో బడి తెరిచాకే. పాత బంగళాలు కొన్ని విద్యార్థుల హాస్టళ్లయ్యాయి.

మలయాళం మాట్లాడే సోదరులు

ఈ రైల్వే లెక్క అస్సలు కుదరని చోటు ఒకటుంది. కేరళ తీరం. ఇంగ్లిష్‌వాళ్ల కన్నా ముందే, 1500 ప్రాంతంలో పోర్చుగీసువాళ్లూ, 1663లో వాళ్లను వెళ్లగొట్టి డచ్చివాళ్లూ కొచ్చిలో దిగారు. వాళ్ల సంతతి ఫోర్ట్‌ కొచ్చి, వైపీన్‌ లాంటిచోట్ల వందల ఏళ్లుగా పాతుకుపోయింది. ఇంట్లో మలయాళం మాట్లాడతారు. రాజ్యాంగం ప్రకారం వాళ్లూ ఆంగ్లో ఇండియన్లే, పేరులో ‘ఆంగ్లో’ ఉన్నా రక్తంలో ఇంగ్లిష్‌ చుక్క లేకపోయినా సరే! పోర్చుగీసు, మలయాళం కలిసి పుట్టిన అక్కడి భాషను ధారాళంగా మాట్లాడే ఆఖరి మనిషి 2010లో వైపీన్‌లో చనిపోయారు.

296 మందేనా?

స్వాతంత్య్రం వచ్చేనాటికి లక్షకు పైగా ఉన్న ఈ జనం ఏమయ్యారు? రైల్వే, తపాలా, టెలిగ్రాఫ్‌, కస్టమ్స్‌ కొలువుల్లో వాళ్లకున్న ప్రత్యేక వాటాను రాజ్యాంగం పదేళ్లకే పరిమితం చేసింది. 1960తో అదీ అయిపోయింది. వలసలు పెరిగాయి. ఎవరి అమ్మమ్మో పెర్త్‌లో, ఎవరి మేనమామో మెల్‌బోర్న్‌లో.

అయినా 2019 డిసెంబరులో, నామినేటెడ్‌ సీట్ల సంగతి చర్చకు వచ్చినప్పుడు కేంద్రమంత్రి పార్లమెంటులో చెప్పిన అంకె విని దేశమంతా ఆశ్చర్యపోయింది. 2011 జనగణన ప్రకారం దేశంలో ఆంగ్లో ఇండియన్లు 296 మంది! లాలాగూడ ప్రాంతంలో క్రిస్మస్‌ ఆరాధనకు వచ్చే జనాన్ని చూసినవాళ్లెవరూ ఆ అంకెను నమ్మలేరు. తాము దానికి ఎన్నో రెట్లు ఉన్నామని సంఘాలు మొత్తుకున్నాయి. జనగణన పత్రంలో మతం గురించి అడుగుతారు, మాతృభాష అడుగుతారు, ఎస్సీనా ఎస్టీనా అని అడుగుతారు. ఆంగ్లో ఇండియన్‌ అని టిక్కు పెట్టే గడి లేదు. అదే 2011లో ఇంగ్లిషే మాతృభాష అని రాయించుకున్నవాళ్లు సుమారు 2.6 లక్షలు. అందరూ వీళ్లే కాకపోవచ్చు. కానీ 296కీ దానికీ మధ్య ఎంత దూరమో చూడండి. లెక్కే సరిగ్గా లేనప్పుడు, లెక్క తక్కువుందని కుర్చీ తీసేయడం నాకైతే న్యాయంగా అనిపించదు. లోక్‌సభలో రెండు, రాష్ట్రాల్లో ఒక్కోటి చొప్పున ఉన్న సీట్లు మాత్రం 104వ సవరణతో పోయాయి.

ఇంకో చిక్కూ ఉంది. రాజ్యాంగం 366వ అధికరణ ప్రకారం తండ్రి వైపు మూలాలు యూరప్‌వి అయితేనే ఆంగ్లో ఇండియన్‌. ఆంగ్లో ఇండియన్‌ అబ్బాయి తెలుగమ్మాయిని చేసుకుంటే వారి పిల్లలు ఆ లెక్కలోకి వస్తారు. ఆంగ్లో ఇండియన్‌ అమ్మాయి తెలుగబ్బాయిని చేసుకుంటే రారు. ఒకే ఇంట్లో అన్న పిల్లలొకటి, చెల్లెలి పిల్లలొకటి!

చూడాలనుంటే డిసెంబరు మంచి నెల. కలకత్తాలో అయితే బో బ్యారక్స్‌ వీధి దీపాలతో వెలిగిపోతుంది. అంతదూరం వెళ్లలేమనుకుంటే సికింద్రాబాద్‌ ఉండనే ఉంది. ఎవరింటికైనా భోజనానికి పిలిచారా, మీ అదృష్టం. కొబ్బరిపాలతో పసుపన్నం, దాని మీదికి ‘బాల్‌ కర్రీ’ అనే కైమా ఉండల కూర. ‘పెప్పర్‌ వాటర్‌’ అంటే కంగారుపడకండి, అది మన మిరియాల చారే. చివర్లో పళ్లెంలో రోజ్‌ కుకీస్‌ వస్తాయి. ఇనుప అచ్చు పిండిలో ముంచి, నూనెలో వేసి తీసినవి. మనం గులాబీ పువ్వులంటామే... అవే.