కిలోమీటర్లూ, నెలలూ

కారు కొన్నవారికి తాళంచెవులతో పాటు అందే ఓనర్స్ మాన్యువల్‌లో, సాధారణంగా చివరి పేజీల వైపు, ఒక పట్టిక ఉంటుంది. దాని పైవరుసలో 10,000, 20,000, 30,000 అంటూ కిలోమీటర్లూ, వాటి కిందనే 12, 24, 36 అంటూ నెలలూ ఉంటాయి. ఎడమ పక్కన ఇంజన్ ఆయిల్, ఎయిర్ ఫిల్టర్, కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్, స్పార్క్ ప్లగ్గులు, బెల్టులు వంటి పేర్లు వరుసగా కనిపిస్తాయి. నడిమి గడుల్లో ఆ భాగాన్ని ఆ సర్వీసులో చూసి వదిలేయాలా, తీసి కొత్తది వేయాలా అన్నది ఒక్కొక్క అక్షరంతో సూచించి ఉంటుంది. మెయింటెనెన్స్ షెడ్యూల్ అని పిలిచే ఈ పట్టికకు ప్రాణం వంటిది దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే ఒక షరతు: కిలోమీటర్లు, నెలలు అనే ఈ రెండింటిలో ఏది ముందు వస్తే దాని ప్రకారం సర్వీసింగ్ చేయించాలి. భారతదేశంలో అమ్ముడయ్యే చాలా కార్లకు ఆ గడువు 10,000 కిలోమీటర్లు లేదా ఒక సంవత్సరం. ఈ రెండు కొలతల్లో మొదటిదానికి ఉన్న మన్నన రెండవదానికి లేదు. మీటరు మీద అంకె పెరగకపోతే బండి కొత్తగానే ఉన్నట్లు లెక్క వేసుకొని, ‘తిరిగిందే లేదు, అప్పుడే సర్వీసింగ్ ఏమిటి’ అని వాయిదా వేయడం తెలుగు పట్టణాల్లో మామూలు. తిరిగే కారును దూరం అరగదీస్తే, తిరగని కారును కాలం పాడుచేస్తుందన్న అనుభవం ఆ షరతు వెనుక ఉంది.

వెనుకటి కార్ల నిర్వహణ ఇంతకన్నా ఎంతో బరువైన పని. కోల్‌కతా దగ్గరి ఉత్తర్‌పారాలో 2014 వరకు తయారైన అంబాసిడర్ పాత మోడళ్లకు ముందు చక్రాల కీళ్లలోకి గ్రీజు గన్నుతో తరచు గ్రీజు కొట్టించాలి. ఇంజన్‌లోని వాల్వులకూ వాటిని తెరిచే మీటలకూ మధ్య ఉండవలసిన సన్నని సందును ఫీలర్ గేజితో కొలిచి సరిచేయించాలి, దీనినే మెకానిక్కులు ట్యాపెట్లు పెట్టడమంటారు. స్పార్క్ ప్లగ్గులకు విద్యుత్తు అందే వేళను నిర్ణయించే కాంటాక్ట్ పాయింట్లను శుభ్రం చేయించాలి. కార్బురేటర్‌ను విప్పి కడిగించాలి. ఆ పనులు వాయిదా వేస్తే ఉదయాన్నే స్టార్ట్ కాకనో, ఎత్తు ఎక్కలేకనో బండి తన లోపాన్ని తానే బయటపెట్టేది. ఫ్యూయల్ ఇంజెక్షన్, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, గ్రీజు నింపి మూసేసిన కీళ్లు వచ్చిన తరువాత ఆ పనుల్లో చాలా భాగం పట్టిక నుంచి తొలగిపోయింది. ఇప్పుడు మిగిలినవి కొద్ది పనులే అయినా, వాటితో సంబంధమున్న భాగాలు చెడిపోయేటప్పుడు చాలాకాలం శబ్దం రాదు, బండి నడక మారదు, నడిపేవారికి తేడా తెలియదు. అందువల్ల ఇప్పటి కారుకు షెడ్యూలు అవసరం అంబాసిడర్ కాలం నాటికన్నా పెరిగిందనే చెప్పాలి.

ఆ మిగిలినవాటిలో మొదటిది ఇంజన్ ఆయిల్. లోహం లోహంతో ఒరుసుకోకుండా నడుమ పొరగా నిలవడం దాని ప్రధాన ధర్మమని అందరూ ఎరుగుదురు. లోపలి వేడిని మోసుకుపోవడం, మసిని కడగడం, ఆమ్లాలను విరిచి తుప్పును ఆపడం కూడా దాని పనులే, వాటికోసం మూల నూనెలో అడిటివ్‌లనే రసాయనాలు కలుపుతారు. లోహాన్ని అంటుకున్న మురికిని కడిగేవి డిటర్జెంట్లు. ఆ మసి మళ్లీ ముద్ద కట్టకుండా సూక్ష్మ రేణువులుగా నూనెలోనే తేలేట్టు పట్టి ఉంచేవి డిస్పర్సెంట్లు. డిప్‌స్టిక్‌ను బయటికి తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీసినప్పుడు ఆయిల్ నల్లగా కనబడితే చెడిపోయిందనుకోవడం పరిపాటి. డీజిల్ ఇంజన్‌లో కొత్త ఆయిల్ కొద్ది రోజులకే నల్లబడుతుంది, ఆ నలుపు డిస్పర్సెంట్లు పని చేస్తున్నాయనడానికి గుర్తు; మరోవైపు, తేనె రంగులో నిగనిగలాడే ఆయిల్‌లో ఆమ్లాన్ని విరిచే శక్తి అప్పటికే అడుగంటి ఉండవచ్చు. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ రుద్ది జిగురు చూసినా ఈ సంగతి తెలియదు. డిప్‌స్టిక్ మీది రెండు గీతలు ఆయిల్ ఎంత ఉందో చెబుతాయే గాని ఎలా ఉందో చెప్పవు; ఆ రెండో ప్రశ్నకు మామూలు యజమానికి ఉన్న ఆధారం షెడ్యూలు ఒక్కటే.

తక్కువ తిరిగే కారులో ఆయిల్ ఎందుకు పాడవుతుందన్నది కాస్త వివరంగా చూడదగిన విషయం. ఒక లీటరు పెట్రోలు మండినప్పుడు అందులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, ఇంచుమించు ఒక లీటరు నీటికి సమానమైన ఆవిరి పుడుతుంది. అందులో అత్యధిక భాగం సైలెన్సర్ గుండా బయటికి పోయినా, కొంత ఆవిరి, దానితో పాటు మండని పెట్రోలు కొంత, పిస్టన్ రింగుల పక్కనుంచి జారి ఆయిల్‌లో చేరుతాయి. హైదరాబాదు నుంచి విజయవాడకు సాగే ప్రయాణంలో ఆయిల్ గంటల తరబడి బాగా వేడెక్కి ఉంటుంది కనుక ఈ తడి ఆవిరై వెళ్లిపోతుంది. ఉదయం గుడికి, సాయంత్రం రైతు బజారుకు రెండేసి కిలోమీటర్లు వెళ్లివచ్చే కారులో ఆయిల్ ఆ వేడిని అందుకునేలోగానే ఇంజన్ ఆగిపోతుంది. అలా కొద్దికొద్దిగా చేరిన నీరు, పెట్రోలు, మసి కలిసి కొంతకాలానికి స్లడ్జ్ అనే మడ్డిగా మారి, ఆయిల్ ప్రవహించే సన్నని దారులను మూసివేస్తాయి. ఆయిల్ పోసే మూతను తిప్పి తీసినప్పుడు లోపలివైపు లేత గోధుమరంగు చిక్కటి నురగ అంటి కనబడితే ఆయిల్‌లో నీరు చేరుతోందని అర్థం. కూలెంట్ లోపలికి కారినప్పుడూ అదే గుర్తు కనిపిస్తుంది కనుక మెకానిక్‌కు చూపించడం అవసరం.

కిలోమీటర్ల లెక్కకు మరొక లోపం కూడా ఉంది. అమీర్‌పేటలోనో, హైటెక్ సిటీ దారిలోనో ట్రాఫిక్‌లో ఏసీ వేసుకొని నిలబడిన కారులో ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది, ఆయిల్ కాగుతూనే ఉంటుంది, మీటరు మాత్రం కదలదు. ట్రాక్టరు ఉన్న రైతుకు ఈ సంగతి బాగా తెలుసు. ట్రాక్టరు సర్వీసింగును కిలోమీటర్లతో కాక ఇంజన్ నడిచిన గంటలతో లెక్కిస్తారు, మొదటి సర్వీసు సాధారణంగా 50 గంటలకు వస్తుంది. కార్లలో సర్వీసింగును గంటలతో లెక్కించే వాడుక లేదు కనుక, కంపెనీలు మొదటి పట్టిక తరువాత మరొక పట్టికనో గమనికనో చేర్చి, దుమ్ము రోడ్లు, చిన్న దూరాలు, ఎక్కువసేపు నిలబడి ఇంజన్ నడవడం వంటివాటిని తీవ్ర పరిస్థితులని పేర్కొని, అటువంటి వాడుకలో ఆయిల్, ఎయిర్ ఫిల్టర్ల గడువును బాగా తగ్గిస్తాయి. తమకు సంబంధించనిదనుకొని చాలామంది దాటవేసే ఆ పేజీయే నగరపు రద్దీలోనూ, కంకర రోడ్ల మీదా తిరిగే కార్లకు వర్తించే అసలు పేజీ. దుమ్ములోని ఇసుక రేణువు సిలిండరు గోడ లోహం కన్నా గట్టిది. చిరిగిన ఎయిర్ ఫిల్టరును దాటి లోపలికి వెళితే గోడను గీస్తుంది, అరుగుదల ముదిరితే ఆయిల్ కాలి నీలిపొగ వస్తుంది, మెకానిక్కులు ఇంజన్ బోరుకొచ్చిందంటారు. అక్కడిదాకా వచ్చిన తరువాత ఆయిల్ మార్చి లాభం లేదు.

కాలం చేసే పని మరింత స్పష్టంగా కనిపించేది బ్రేక్ ఫ్లూయిడ్‌లో. పెడల్ మీద పాదం చూపిన బలాన్ని సన్నని గొట్టాల గుండా నాలుగు చక్రాలకూ చేర్చేది ఈ ద్రవమే. వాడుకలో దీన్ని బ్రేక్ ఆయిల్ అంటారు. గ్లైకాల్ ఈథర్లతో తయారయ్యే దీనికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది; వానకాలంలో మూత పెట్టని ఉప్పు చెమ్మగిల్లినట్లే, కారు నడిచినా నడవకపోయినా, రబ్బరు గొట్టాల గోడల గుండా, పై డబ్బా మూత సందుల గుండా నీటిని లాగుకుంటూనే ఉంటుంది. డాట్ 4 అనే తరగతికి చెందిన ఫ్లూయిడ్ మరిగే స్థానం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్, దాదాపు 3.7 శాతం నీరు చేరిన తరువాత కనీసం 155 డిగ్రీలు ఉండాలన్నది ప్రమాణం. ఆ కొద్దిపాటి తడికే 75 డిగ్రీల తేడా వస్తుందన్నమాట. నిండా జనంతో, సామానుతో తిరుమల కొండ దిగే కారును తక్కువ గేరులో నడపకుండా మలుపు మలుపుకూ బ్రేకు తొక్కుతూ తెస్తే డిస్కులు తీవ్రంగా వేడెక్కి ఆ వేడి ఫ్లూయిడ్‌కు చేరుతుంది. అది మరిగితే పుట్టే ఆవిరి బుడగలు నొక్కిన కొద్దీ కుదించుకుపోతాయి కనుక పెడల్ మెత్తగా కిందిదాకా దిగిపోతుంది, బ్రేకు పట్టదు. చల్లారాక పరీక్షిస్తే అంతా సవ్యంగానే ఉన్నట్లు కనిపిస్తుంది. చాలా కంపెనీలు దీనిని రెండేళ్లకొకసారి మార్చమనేది ఇందుకే. ఏడాది పొడుగునా సెల్లార్‌లో ఉండి మొక్కు తీర్చుకోవడానికి మాత్రమే కొండకు వెళ్లే కారుకు ఈ నియమం మరీ ముఖ్యం.

కూలెంట్ సంగతి కొంతవరకు ఇటువంటిదే. అది గడ్డ కట్టకుండా ఉండడం మంచు దేశాల అవసరమైతే, తెలుగు నేలమీద దాని విలువ రేడియేటర్ లోహాన్ని తుప్పు నుంచి కాపాడడంలోనూ, మరిగే స్థానాన్ని పెంచడంలోనూ ఉంది. తుప్పును ఆపే రసాయనాలు కాలక్రమాన ఖర్చైపోతాయి. తగ్గినప్పుడల్లా బోరు నీళ్లు పోస్తే వాటిలోని లవణాలు లోపలి దారుల్లో గార కడతాయి. ఇంజన్‌లో వాల్వుల కదలికను పిస్టన్ల కదలికతో జతపరిచే టైమింగ్ బెల్టు రబ్బరుతో చేసినదైతే దానికీ ఒక గడువు ఉంటుంది. చాలా ఇంజన్లలో అది తెగిన క్షణాన పిస్టన్లు వెళ్లి వాల్వులను ఢీకొంటాయి.

పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడి, పెద్దవాళ్లు మాత్రమే ఉన్న ఇళ్లలో అపార్ట్‌మెంట్ కింద కవరు కప్పి ఉండే కార్లు షెడ్యూలు అవసరం ఎక్కువగా ఉండీ అది అందనివి. అలారం, గడియారం వంటివి అనుక్షణం కొద్దిగా విద్యుత్తు తీసుకుంటూ ఉండడం వల్ల, పూర్తిగా చార్జయి ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపే బ్యాటరీ వారాల్లో దిగజారి, దాని సీసపు పలకల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. ఎలుకలు బానెట్ కిందికి చేరి వైర్లు కొరుకుతాయి. టైరు పక్కగోడ మీద డాట్ అన్న అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి; 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. గాడులు నిండుగా ఉన్నా, ఆ అంకెలు పాతబడి పక్కగోడ మీద సన్నని పగుళ్లు కనబడితే ఆ టైరుతో హైవే ఎక్కడం క్షేమం కాదు, స్టెప్నీని కూడా ఈ దృష్టితోనే చూడాలి. రోజూ ఐదు నిమిషాలు నిలబెట్టి స్టార్ట్ చేస్తే చాలునన్న నమ్మకం మాత్రం కారుకు కీడే చేస్తుంది, ఎందుకంటే స్టార్టర్ వాడుకున్న విద్యుత్తు ఆ కొద్దిసేపట్లో సరిగా తిరిగి చేరదు, ఆయిల్‌లో తడి మాత్రం చేరుతుంది. రెండు వారాలకొకసారి అరగంటైనా రోడ్డు మీద నడిపించడం సరైన పద్ధతి.

షెడ్యూలును స్వయంగా చదివినవారికి మరొక రక్షణ కూడా లభిస్తుంది. సర్వీసింగుకు వెళ్లినప్పుడు ఇంజన్ ఫ్లషింగ్, పెట్రోలులో కలిపే మందులు వంటివి జాబ్ కార్డులో చేరుతుంటాయి. అవి తమ కారు పట్టికలో ఉన్నాయా అని అడగగలిగిన యజమాని అనవసరపు ఖర్చును తప్పించుకుంటాడు. వారంటీ ముగిశాక నమ్మకమైన మెకానిక్ షెడ్డులో చేయించినా, మాన్యువల్ చెప్పిన గ్రేడు ఆయిల్ వాడి, బిల్లు దాచి, తేదీనీ మీటరు అంకెనూ పుస్తకంలో రాసుకుంటే షెడ్యూలును పాటించినట్లే.

విద్యుత్ కార్లు ఈ పట్టికను మరింత చిన్నదిగా చేస్తున్నాయి. వాటికి ఇంజన్ ఆయిల్, స్పార్క్ ప్లగ్గులు, టైమింగ్ బెల్టు లేవు. దూరంతో ముడిపడిన పనుల్లో చాలా భాగం వాటితోనే పోయింది. బ్రేక్ ఫ్లూయిడ్, కూలెంట్, చిన్న బ్యాటరీ, టైర్ల రబ్బరు మాత్రం ఎప్పటిలాగే నెలల లెక్కన పాతబడుతుంటాయి. వేగం తగ్గించే పనిలో అధిక భాగాన్ని మోటారే చూసుకోవడం వల్ల బ్రేకులకు పని తగ్గి, ప్యాడ్లు ఎక్కువ కాలం మన్నుతాయి. వాటిని డిస్కుకు నొక్కే కాలిపర్ జారడానికి ఆధారమైన పిన్నులు మాత్రం కదలిక లేక, ముఖ్యంగా కాకినాడ, విశాఖపట్నం వంటి ఉప్పుగాలి ఊళ్లలో, తుప్పు పట్టి బిగుసుకుపోయే అవకాశం ఉంది కనుక, ఆ కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్నదానితో సంబంధం లేకుండా వాటిని ఏడాదికొకసారి విప్పి, శుభ్రం చేసి, వేడిని తట్టుకునే గ్రీజు పెట్టించాలి.